లోకాఖరు, నెలాఖరు

ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ మిత్రులకు,

నమస్కారం. వాతావరణ మార్పును ఆపాలని రోడ్లెక్కే మీకు ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. మీలో దీన్ని చదవగలిగేది ఒక్కతే, మా అన్నయ్య కూతురు. లండన్‌లోనే పుట్టింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, మీ మీటింగులకు మాత్రం పరుగెత్తుకొస్తుంది. మీకు చదివి చెప్పే పని తనకే అప్పగించాను. నేను ఇంగ్లీషులో రాయలేక కాదు. వీసాలు చూసే హోమ్ ఆఫీసుకు, మేనేజర్లకు రాసీ రాసీ నా ఇంగ్లీషుకు చేతులు కట్టుకుని నిలబడటం అలవాటైపోయింది. ఆ భాషలో మీతో పోట్లాడలేను. పైగా అందరినీ, అందరిలోని ప్రతి భాగాన్నీ ఆహ్వానిస్తామని మీ ఆరో సూత్రం అంటోంది కదా. నాలో పెద్ద భాగం తెలుగే.

మీ పది సూత్రాలు మా అన్నయ్య వాళ్ల ఫ్రిజ్ మీద, కౌన్సిల్ టాక్స్ బిల్లు పక్కన, మాగ్నెట్‌తో అంటించి ఉన్నాయి. ఆదివారం ఇడ్లీ పిండి కోసం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఒకటో రెండో చదువుతుంటాను. పాశ్చాత్య సమాజాన్ని వేళ్లతో సహా మార్చాలనుకునేవాళ్లు రాసుకున్న నియమాలవి. బాగున్నాయి కూడా. కానీ పదింటిలో ఎక్కడా కరెంటు బిల్లు లేదు. పక్కనే బిల్లు అంటించి ఉండటం వల్ల నాకలా తోచిందేమో తెలీదు గానీ, తోచాక ఊరుకోలేకపోయాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది నెల్లూరు జిల్లా, కావలి దగ్గర పల్లె. అక్కడ టీచరుగా చేసేదాన్ని. 2022లో కేర్ వర్కర్ వీసా మీద వచ్చాను. ఏజెంటుకు ఎంత కట్టామో ఇక్కడ రాయను, అమ్మకు బీపీ ఉంది. లండన్ ఈస్ట్ హామ్‌లో ఒక గది, అక్కడికి దగ్గర్లోనే ముసలివాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు.

మీరు 2018 నవంబరు 17న థేమ్స్ నది మీద ఐదు వంతెనలు ఆపారు. లోకం ఆఖరైపోతోంది, కర్బన ఉద్గారాలు వెంటనే తగ్గించండి అన్నారు. సరిగ్గా అదే రోజు, అదే శనివారం, ఫ్రాన్సులో పసుపు చొక్కాలు వేసుకున్న జనం లక్షల్లో బయటికొచ్చి రౌండబౌట్లు ఆపేశారు. వాళ్ల కోపం దేనిమీదో మీకు గుర్తుండే ఉంటుంది. పర్యావరణం పేరు చెప్పి డీజిల్ మీద లీటరుకు ఇంకో ఆరున్నర సెంట్లు పన్ను వేయబోతున్నారని. బస్సు రాని ఊళ్లలో, పని కోసం రోజూ పదుల కిలోమీటర్లు కారు నడిపేవాళ్లు వాళ్లు. అదే ఏడాది ఆ ప్రభుత్వం సంపన్నుల ఆస్తిపన్నును ఇళ్లూ స్థలాలకు మాత్రమే పరిమితం చేసి, షేర్లూ డిపాజిట్లూ వదిలేసింది. డబ్బున్నవాడికి తగ్గించి డీజిలు పోయించుకునేవాడికి పెంచితే ఎవరికైనా మండుతుంది.

ఒకే రోజు, రెండు దేశాలు, రెండు దారి దిగ్బంధాలు. ఒకటి కర్బనం ఆపలేదని, ఒకటి కర్బనం మీద పన్ను వేశారని. తర్వాత ఫ్రాన్సు వీధుల్లో ఒక నినాదం పుట్టింది. తెలుగులో ఇంకా బాగా కుదురుతుంది: లోకాఖరైనా, నెలాఖరైనా పోరాటం ఒక్కటే. మీ ఫ్రిజ్ కాగితం మీద మొట్టమొదట రాయాల్సిన సూత్రం ఇదే అంటాను నేను. మిగతా పదీ దాని కింద సర్దుకోవచ్చు.

నెలాఖరు అంటే ఏమిటో మా ఇంటి నుంచే చూపిస్తాను. మేం ఐదుగురం ఉండే ఇంట్లో కరెంటుకు కీ మీటరు. ప్లాస్టిక్ తాళంచెవి ఒకటి ఉంటుంది. దాన్ని మూలమీది షాపుకు తీసుకెళ్లి పది పౌండ్లో ఇరవై పౌండ్లో వేయించుకుని, తెచ్చి మీటరులో గుచ్చాలి. అయిపోయాక ఎమర్జెన్సీ క్రెడిట్ అని కొంచెం అప్పు ఇస్తుంది, తర్వాతి టాపప్‌లో కోసుకుంటుంది. 2022 చలికాలంలో మా ఇంట్లో ఆ కీ చేతులు మారిన తీరు చూస్తే పెళ్లింట్లో బీరువా తాళాలు గుర్తొస్తాయి. ఎవరు స్నానం చేశారు, ఎవరు హీటరు వేశారు, ఎవరు బిర్యానీ పేరుతో గంటన్నర స్టవ్ వాడారు, అన్నీ లెక్కే. 2021 అక్టోబరులో సగటు ఇంటికి ఏడాదికి 1,277 పౌండ్లున్న గరిష్ఠ ధర ఏడాది తిరిగేసరికి 3,549 అవుతుందన్నారు. ప్రభుత్వం అడ్డుపడి 2,500 దగ్గర ఆపింది. పైగా డబ్బు ముందే కట్టే మాలాంటి కీ మీటరు వాళ్లకే, బ్యాంకు నుంచి నెలనెలా కట్టేవాళ్ల కన్నా రేటు ఎక్కువ. ఆ తేడా పోయింది 2023 జూలైలో. కిటికీ సందుల్లోంచి గాలి, గోడ మూలన నల్లటి బూజు. మేం కాల్చే గ్యాసులో సగం వీధిని వెచ్చబెట్టడానికే పోతున్నట్టుండేది.

ఇక్కడే నాకు అన్నిటికన్నా బాధేసేది. మీలోంచి విడిగా వెళ్లి 2021లో ఇన్సులేట్ బ్రిటన్ అని పెట్టారు కదా. వాళ్లు అడిగింది బంగారం లాంటి కోరిక: ప్రభుత్వ ఇళ్లన్నిటికీ చలి చొరబడకుండా గోడలూ పైకప్పులూ ప్రభుత్వ ఖర్చుతో సరిచేయమని. కర్బనమూ తగ్గుతుంది, మా కీ మీద ఖర్చూ తగ్గుతుంది. లోకాఖరూ నెలాఖరూ ఒకే కోరికలో పట్టించారు. కానీ దానికోసం ఎంచుకున్న చోటు లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డు. బూజు గోడల ఇళ్లలోంచి పొద్దున్నే పనికి బయల్దేరినవాళ్లు కూడా ఆ రోడ్డు మీదే ఇరుక్కున్నారు. వాళ్లకు మీ బ్యానరు కనబడింది, బ్యానరు మీది విషయం కనబడలేదు. అదే జనం ఇళ్లకు వెళ్లి, "మీ బిల్లు తగ్గించాలని అడుగుతున్నాం, సంతకం పెడతారా" అని ఉంటే టీ ఇచ్చి మరీ పెట్టేవాళ్లు.

మా వైపు కథ ఒకటి చెప్పనా? దీన్ని పాఠంగా తీసుకోకండి, పోల్చుకోవడానికి మాత్రమే. 1992లో నాకు తొమ్మిదేళ్లు. అమ్మ సాయంత్రం పూట సాక్షరతా తరగతికి వెళ్లేది, లాంతరు వెలుగులో పలక మీద తన పేరు దిద్దుకునేది. మాకు దగ్గర్లోనే దూబగుంట అనే ఊరుంది. అక్కడి ఆడవాళ్లు తమ ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ కథ అక్షరాలు నేర్చుకునే పుస్తకంలో పాఠమైంది. చదివిన ప్రతి ఊరూ "మనమెందుకు చేయకూడదు" అనుకుంది. కూలి డబ్బు చేతికి రాగానే సగం సారా ప్యాకెట్లకు పోయే ఇళ్లు అవన్నీ, మా ఇల్లు కూడా.

ఆ ఆడవాళ్లు బస్సు ఆపలేదు. సారా తెచ్చే బండిని ఆపారు. ప్యాకెట్లు చింపి మట్టిలో పోశారు. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వకుండా వెళ్లి కూర్చున్నారు. నష్టం ఎవరికి? కాంట్రాక్టరుకు, ఖజానాకు. లాభం? నెలాఖరు దాకా ఆగక్కర్లేదు, ఆ వారమే తెలిసింది. శనివారం నాన్న కూలి డబ్బు ఇంటికొచ్చింది. మా అమ్మ ఆ డబ్బుతో మొట్టమొదట కొన్నది ఏమిటో తెలుసా, నాకు చెప్పులు. ఉద్యమం గెలుస్తుందో లేదో తెలియకముందే నా కాళ్లకు చెప్పులొచ్చాయి. నింద వేయకూడదు, సిగ్గుపరచకూడదు అనే మీ ఎనిమిదో సూత్రం మాత్రం వాళ్లు పాటించలేదు, ఒప్పుకుంటాను. తాగొచ్చిన ఒకాయన్ని రచ్చబండ దగ్గర నిలబెట్టి చీపురు చూపించడం నా కళ్లతో చూశాను. ఆయన మళ్లీ ఆ వీధిలో తూలుతూ కనబడలేదు.

గెలిచాక ఏమైందో కూడా చెప్పాలి. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఖజానాకు ఆదాయం కావాలన్నారు. ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు, లెక్కలు మాత్రం సచివాలయంలోనే ఉండిపోయాయి.

మీకూ అదే జరిగింది కదా. 2019 ఏప్రిల్లో ఆక్స్‌ఫర్డ్ సర్కస్ మధ్యలో గులాబీరంగు పడవ పెట్టారు, వాటర్లూ వంతెన మీద మొక్కలు పెట్టారు, వెయ్యి మందికి పైగా అరెస్టయ్యారు. మే 1న పార్లమెంటు వాతావరణ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మీ మూడో డిమాండు పౌరసభ. అది కూడా ఒక రకంగా వచ్చింది. చీటీ తీసినట్టు ఎంపిక చేసిన 108 మందిని 2020లో బర్మింగ్‌హామ్‌లో కూర్చోబెట్టారు, కోవిడ్ వచ్చి చివరి సమావేశాలు ఆన్‌లైన్లో అయ్యాయి. అయితే ఆ సభ చెప్పింది చేసి తీరాలనే నియమమేమీ పెట్టలేదు. తరచుగా, దూరంగా ఎగిరేవాళ్లకు ఎక్కువ పన్ను వేయమని వాళ్లు చెప్పారు. నాకది న్యాయంగా తోచింది. రెండేళ్లకోసారి అమ్మను చూడటానికి చెన్నై విమానం ఎక్కేదాన్ని నేను. మా అన్నయ్య ఆఫీసు పని మీద నెలకు రెండుసార్లు ఎగురుతాడు. (ఇక్కడ గొంతు తగ్గించకు తల్లీ, గట్టిగానే చదువు.) ఆ పన్ను ఇంకా రానేలేదు.

ఫ్రాన్సులో పసుపు చొక్కాల దెబ్బకు డీజిల్ పన్ను పెంపు ఆ డిసెంబరులోనే పోయింది. ఆ తర్వాత అక్కడి అధ్యక్షుడు 150 మంది పౌరులతో సభ పెట్టించాడు. మీరు చెప్పింది వడపోయకుండా ముందుకు పంపిస్తానన్నాడు. వాళ్లు 149 ప్రతిపాదనలు ఇచ్చారు. మూడింటిని మొదట్లోనే పక్కన పెట్టాడు, మిగతావాటిలో చాలా వాటిని పలుచన చేశారు. 2021లో ఆ పౌరులే మళ్లీ కూర్చుని, తమ మాటను ఎంతవరకు పట్టించుకున్నారని ప్రభుత్వానికి మార్కులేస్తే పదికి 3.3 వచ్చింది. మా స్కూల్లో అయితే ఫెయిల్. నాకు ఆ మార్కులేయడం చాలా నచ్చింది. గెలిచిన రోజు ఫొటో దిగడంతో ఆగకుండా, ఏడాది తర్వాత మళ్లీ వచ్చి పేపరు దిద్దుతాం అని మీ నియమాల్లో ఒక వాక్యం ఉండాలి. దూబగుంట ఆడవాళ్లకు 1997లో ఆ తీరిక ఎవరిస్తారు? మీకు ఉంది.

అరెస్టుల సంగతికి వస్తాను. మీ మొదటి రోజుల్లో అరెస్టవడం ఒక పతకం. ఎంతమంది లోపలికి వెళితే అంత ఒత్తిడి అనుకున్నారు. నాలాంటివాళ్లు ఆ లెక్కలో ఎక్కడున్నారు? నా వీసా నా యజమాని చేతిలో ఉంది. ఆయన కాదంటే సాధారణంగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సరును వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. కేసు పడ్డ మనిషిని ఇంకొకరు తీసుకుంటారా? మేనకోడలికి ఇక్కడి పాస్‌పోర్టు ఉంది. తను కూర్చోగలదు, కూర్చోనీండి, నాకు గర్వమే. కానీ కూర్చున్నవాళ్లే ఉద్యమం, నిలబడి చూసేవాళ్లు ప్రేక్షకులు అన్నట్టు కాకూడదు. ఆ కూర్చోవడం ఖరీదు కూడా ఇప్పుడు మారింది. 2022లో, 2023లో తెచ్చిన చట్టాల తర్వాత ఒంటిని దేనికైనా కట్టేసుకోవడమే ఒక నేరమైంది. మీలాంటిదే ఇంకో గుంపు, జస్ట్ స్టాప్ ఆయిల్ వాళ్లు ఎం25 మీద చేసిన పనికి ఆన్‌లైన్ కాల్‌లో పథకం వేసినందుకు 2024 జూలైలో ఐదుగురికి నాలుగైదేళ్ల జైలు పడింది. అప్పీల్లో కొంత తగ్గింది. అందులో ఒకరు మీ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆ శిక్షలు అన్యాయమనే నేనంటాను. అయినా ఇరవై రెండేళ్ల పిల్లను ఆ గడపలోకి పంపే ముందు, "ఇది కాకుండా ఇంకేమి చేయగలవు?" అని అడిగే పెద్దమనిషి మీలో ఒకరుండాలి. నేను అత్తను, అడుగుతాను. మీలో ఎవరు అడుగుతున్నారు?

పెద్దమనిషి అంటే మీకు ఇబ్బంది. పదో సూత్రం ప్రకారం మీ దగ్గర ఎవరికీ పెత్తనం లేదు, మిగతా సూత్రాలు ఒప్పుకుంటే ఏ చిన్న గుంపైనా మీ పేరు మీద పని చేయొచ్చు. 2019 అక్టోబరు 17 పొద్దున కానింగ్ టౌన్ స్టేషన్లో జరిగింది దాని ఫలితమే కదా. మీవాళ్లు ట్యూబ్ రైలు బోగీ పైకెక్కారు. కరెంటుతో నడిచే రైలు, కార్లకు బదులుగా మీరే వాడమని చెప్పేది. ప్లాట్‌ఫారం మీద కూలిపనులకు, ఆఫీసులకు, ఆసుపత్రి డ్యూటీలకు వెళ్లేవాళ్లు. ఒకాయన్ని కాలు పట్టుకుని కిందికి లాగి కొట్టారు. కొట్టడం తప్పే. కానీ ఆ ప్లాట్‌ఫారం నాకు తెలుసు. ఆ లైను మీద పొద్దున్న ఏడింటికి ఉండేది ఎవరో కూడా తెలుసు. గంట ఆలస్యమైతే గంట జీతం కోసేవాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు. మీలో చాలామంది ఆ పని వద్దన్నారని తర్వాత చదివాను. వద్దన్నా ఆపే దారి లేదు. ఊరుమ్మడి పేరు వాడుకునేటప్పుడు ఊరు కాదంటే ఆగాలి. ఆ ఒక్క మాట పదో సూత్రానికి తోక తగిలించండి చాలు.

రెండో సూత్రంలోని 3.5 శాతం గురించి మేనకోడలితో గంటసేపు వాదించాను. జనాభాలో అంతమంది కదిలితే వ్యవస్థ మారుతుందట. బ్రిటన్‌లో అంటే 23, 24 లక్షలు. ఆ లెక్క తీసిన ఎరికా చెనోవెత్ చూసినవి 1900 నుంచి 2006 దాకా జరిగిన పోరాటాలు, ఎక్కువగా నియంతను దించడానికో పరాయి పాలనను వదిలించుకోవడానికో జరిగినవి. రాజును దించడానికి వీధిలో అంతమంది చాలు కాబోలు. కానీ మీరు మార్చాలనుకునేది ప్రతి ఇంటి పొయ్యి, ప్రతి మనిషి ప్రయాణం, ప్రతి పళ్లెం. మిగిలిన 96.5 శాతం సాయం రాకపోయినా ఫరవాలేదు, ఎదురు తిరిగితే మాత్రం ఏదీ నిలవదు.

ఆ మిగిలినవాళ్లలో ఒకాయన మా కేర్ హోమ్‌లో ఉన్నాడు. 88 ఏళ్లు. టీవీలో మీరు కనబడితే తిట్లు మొదలు. ఆ తిట్లు మేనకోడలు కూడా చదవలేదు కాబట్టి రాయను. కానీ ఆయన్ని రాత్రిళ్లు చూడాలి. చేతికర్ర పట్టుకుని కారిడారులో అక్కర్లేని లైట్లన్నీ ఆర్పుకుంటూ వెళతాడు. పార్సిళ్లకు కట్టిన తాళ్లు పారేయనివ్వడు, చుట్టలు చుట్టి సొరుగులో దాస్తాడు. రొట్టెముక్క మిగిల్తే మర్నాటికి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెరిగినవాడు. ఈ దేశంలో రేషన్ 1954 దాకా నడిచింది. "అప్పుడు డాక్టరు ఇంట్లోనూ వెన్న అంతే, మా ఇంట్లోనూ అంతే" అని ఒకసారి తెల్లవారుజామున నాలుగింటికి నాతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కష్టం లేదు, అదొక రకమైన గర్వం. మీరు కోరే బతుకు బతికిన మనిషి, మిమ్మల్ని చూస్తే మండిపడుతున్నాడు. ఆయన్ని మీరెప్పుడైనా ఏమైనా అడిగారా?

ఆయన ఇల్లు అమ్మేశారు. ఇంగ్లండ్‌లో 23,250 పౌండ్లకు మించి ఆస్తి ఉంటే ముసలితనం ఖర్చు మొత్తం సొంతానిదే. జీవితమంతా తాళ్లు చుట్టి దాచుకున్నది ఇప్పుడు మా కేర్ హోమ్ ఫీజుకు పోతోంది. ఆ డబ్బులో కొంత నాకు జీతం. నైట్ షిఫ్టులో మేం ఎవరమో చెప్పనా, కావలి నుంచి నేను, కేరళ నుంచి ఒకమ్మాయి, నైజీరియా నుంచి ఒకాయన. తల్లిదండ్రులను చూసుకోవడానికి ఈ సమాజం దగ్గర మనుషులు లేక, మా తల్లిదండ్రులను ఊళ్లో వదిలి మేం వచ్చాం. ఆధునిక పాశ్చాత్య సమాజం అంటే ఏమిటో మీ కరపత్రాల్లో చాలా రాశారు. తెల్లవారుజామున నాలుగింటికి ఆ కారిడారులో నిలబడితే కాగితం అక్కర్లేదు. మీ మూడో సూత్రం పునరుజ్జీవన సంస్కృతి అంటోంది. మంచి మాటే. మీలో ఎవరైనా అలసిపోతే దుప్పటి కప్పి, సూపు తెచ్చిస్తారని మేనకోడలు చెప్పింది. మేం 12 గంటలు చేసేది అదే పని, గంటకు ఇంతని. ఆ సూత్రం మీ గుడారం దాటి మా షిఫ్టు దాకా ఎప్పుడు వస్తుంది? ఎక్కువ కర్బనం కాల్చకుండా మనిషికి మనిషి చేసే పని ఏదైనా ఉందంటే ఇదే కదా.

2023 జనవరి 1న మీరు ఒక ప్రకటన చేశారు. ఇక అరెస్టుల కన్నా హాజరు ముఖ్యం, రోడ్డు దిగ్బంధం కన్నా బంధాలు ముఖ్యం అని దాని సారం. నేను విని సంతోషించాను. ఆ ఏప్రిల్లో పార్లమెంటు దగ్గర నాలుగు రోజులు కూర్చున్నప్పుడు, అదే వారాంతంలో లండన్ మారథాన్ ఉంటే దానికి అడ్డురాకుండా చూశారు. మేనకోడలు నన్నూ తీసుకెళ్లింది. పిల్లలు, కుక్కలు, డప్పులు. నాకు తిరునాళ్లలా అనిపించింది. అయితే నా రంగు మనుషులు ఎంతమంది అని చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టేంత. జేబులో పౌండ్ల లెక్కలో చూసినా నాలాంటివాళ్లు అంతే అనుకుంటాను.

కర్బనాన్ని నికరంగా సున్నా చేయాలని మీరు పెట్టిన గడువు 2025. అదీ దాటిపోయింది. కొత్తగా రాసుకుంటున్నారట, సూత్రాల మీద చర్చకు ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి మా పేటలో మీటింగు ఉందని మేనకోడలు చెప్పింది. ఏడున్నరకు నా డ్యూటీ మొదలు. నాతో పనిచేసేవాళ్లందరికీ అంతే. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మార్చగలిగితే నేనొస్తాను, ఇంకో నలుగురిని తెస్తాను. రోడ్డు మీద కూర్చోలేను, ముందే చెప్పాను. కానీ మా వీధిలో ఎవరింట్లో కీ మీటరుందో, ఎవరి గోడకు బూజుందో, ఎవరి కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టారో నాకు తెలుసు. మొదటి తలుపు నేను కొడతాను. మాట్లాడేటప్పుడు మీరు నా పక్కన ఉండండి, వాళ్లలో సగం మందికి తెలుగు రాదు.

ఇట్లు,
ఈస్ట్ హామ్ నుంచి
మీ సభ్యురాలి అత్త